చరిత్ర తత్వశాస్త్రం: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

చరిత్ర తత్వశాస్త్రం పాఠం చెప్పడం నా పని. ఆ పేరు వినగానే కొందరు "అంటే రాజులూ తేదీలేనా?" అంటారు. ఇంకొందరు "ప్రపంచం ఎటు పోతుందో ముందే చెబుతారా?" అని అడుగుతారు. రెండూ కావు. ఫలానాది జరిగిందని ఎవరైనా అంటే ఆ సంగతి వాళ్లకెలా తెలిసింది? 'దీనివల్ల అది జరిగింది' అన్నప్పుడు ఆ 'వల్ల'కి అర్థమేమిటి? మేం తవ్వేది ఇలాంటి ప్రశ్నల్ని.

అపోహ: ఇది ఆధునిక యూరప్‌లో పుట్టిన ఆలోచన

పేరు అక్కడిదే. 'చరిత్ర తత్వశాస్త్రం' అనే మాటను 1765లో ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ వాడాడు. పని మాత్రం అంతకు చాలా ముందే మొదలైంది. ట్యూనిస్‌లో పుట్టిన అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లో తన చరిత్ర గ్రంథానికి రాసిన పీఠికే చూడండి. ఎడారిలో బైబిల్ ప్రవక్త మోషే తన సైన్యాన్ని లెక్కపెడితే 6 లక్షలకు పైగా తేలిందని పాత చరిత్రకారులు రాశారు. ఇబ్న్ ఖల్దూన్ ఆ అంకె దగ్గర ఆగాడు. అంతమందిని బారులు తీరిస్తే ఆ వరుస చూపు ఆనేంత దూరానికి రెండు మూడింతలు దాటిపోతుంది. ఈ చివర ఏం జరుగుతోందో ఆ చివరకు తెలియదు. అలాంటి సైన్యం యుద్ధమెలా చేస్తుంది? పైగా కొద్ది తరాల్లోనే మోషే పూర్వీకుల ఒక్క కుటుంబం అన్ని లక్షలెలా అవుతుంది? రాసినవాడు ఎంత పెద్దవాడన్నది కాదు, మనుషుల సమాజం నడిచే తీరుకి ఆ మాట సరిపోతుందా లేదా అన్నదే అతని కొలబద్ద. ఈ భాగమంటే నాకు ప్రాణం. మొదటి క్లాసులో దీన్నే చదివిస్తాను.

అపోహ: హెగెల్ అంటే థీసిస్, యాంటీథీసిస్, సింథసిస్

జర్మన్ తత్వవేత్త హెగెల్ తన పద్ధతిని ఈ మూడు మాటల్లో (వాదం, ఎదురువాదం, రెంటి కలయిక) చెప్పుకోలేదు. వాటిని వాడింది అతనికి ముందు మరో జర్మన్ తత్వవేత్త ఫిష్టే, హెగెల్‌కి అతికించింది తర్వాతి వ్యాఖ్యాతలు. పరీక్షలో రాయడానికి సులువు కాబట్టి ఇప్పటికీ ఊడిరావడం లేదు. ప్రపంచ చరిత్ర అంటే స్వేచ్ఛ గురించిన ఎరుక పెరుగుతూ రావడం అన్నది చరిత్ర మీద హెగెల్ అసలు మాట. అదే ఉపన్యాసాల్లో అతను ఆఫ్రికాను చరిత్రకు బయటే నిలబెట్టేశాడు. అది చిన్న పొరపాటు కాదు. 'చరిత్రకు ఒకే దారి' అనుకుంటే ఆ దారిలో కనిపించనివాళ్లు ఏమైపోతారో అక్కడే తెలుస్తుంది.

అపోహ: ప్రతి దేశమూ ఒకే మెట్ల వరుస ఎక్కాలని మార్క్స్ తేల్చేశాడు

1881లో వేరా జాసూలిచ్ అనే రష్యన్ విప్లవకారిణి సరిగ్గా ఇదే అడిగింది: రష్యా కూడా పెట్టుబడిదారీ మెట్టు ఎక్కాల్సిందేనా, అక్కడి పల్లెల ఉమ్మడి భూమి వ్యవస్థ నాశనం కాక తప్పదా? మార్క్స్ ఒకటికి నాలుగు చిత్తుప్రతులు రాసి, చివరికి చిన్న జవాబు పంపాడు. తాను చెప్పిన 'చారిత్రక అనివార్యత' పశ్చిమ యూరప్ దేశాలకే పరిమితమని అందులో స్పష్టంగా ఉంది. అతని పేరుమీద సూత్రాలు వల్లించేవాళ్లూ, అతన్ని తిట్టేవాళ్లూ కూడా ఈ ఉత్తరం చదవాలి.

అపోహ: 'చరిత్ర ముగిసింది' అన్న ఫుకుయామా మాట తప్పని తేలిపోయింది, తర్వాత ఎన్ని యుద్ధాలు జరగలేదు!

సంఘటనలు ఆగిపోతాయని అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ఫుకుయామా 1989లో అనలేదు. ఉదార ప్రజాస్వామ్యాన్ని మించిన పాలనా ఆదర్శం ఇక పుట్టదన్నాడు. నేనైతే దాన్నీ ఒప్పుకోను. కానీ కొట్టేయాలంటే ఆ వాదాన్నే కొట్టాలి.

అపోహ: జరిగింది జరిగినట్టు రాస్తే చాలు, తత్వం ఎందుకు?

నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. 1965లో అమెరికన్ తత్వవేత్త ఆర్థర్ డాంటో ఒక ఊహ చేశాడు. ఎక్కడ ఏం జరిగినా, ఎవరి మనసులో ఏమున్నా, ఆ క్షణంలోనే తెలిసిపోయి రాసుకునే లేఖకుడు ఒకడున్నాడనుకోండి. ఇప్పుడు అతన్ని 1618 మే 23న ప్రాగ్ కోటలో కూర్చోబెట్టండి. తిరగబడ్డ ప్రముఖులు చక్రవర్తి ప్రతినిధులిద్దర్నీ, వాళ్ల కార్యదర్శినీ కిటికీలోంచి కిందికి తోసేశారు. ముగ్గురూ బతికారు. లేఖకుడు ఎవరు అరిచారో, ఎవరి చెయ్యి కిటికీ అంచును పట్టుకుందో అన్నీ రాస్తాడు. కానీ 'ముప్పై ఏళ్ల యుద్ధం ఈరోజు మొదలైంది' అనే ఒక్క వాక్యం మాత్రం రాయలేడు. యూరప్‌ను కుదిపేసిన ఆ యుద్ధం ముగిసేది 1648లో. అప్పటిదాకా ఆ వాక్యం ఎవరికీ అందదు.

ఇప్పుడు మన పాఠ్యపుస్తకాలు తీయండి. 'పునాది పడింది', 'బీజం పడింది', 'మలుపు తిరిగింది' — ఇవన్నీ ఆ జాతి వాక్యాలే. ఒక సంఘటనను తర్వాత వచ్చినదానితో ముడిపెడితేనే అవి పుడతాయి. గతం మారదు నిజమే. దాని గురించి నిజంగా చెప్పగలిగే మాటలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

అపోహ: అయితే ఎవరికి తోచింది వాళ్లు రాసుకోవచ్చు

డాంటో పాఠం అవగానే క్లాసులో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. అప్పుడు నేను 1440 నాటి ఇటలీ పండితుడు లోరెంజో వల్లా దగ్గరికి వెళ్తాను. కాన్‌స్టంటైన్ చక్రవర్తి రోమ్‌నూ పశ్చిమ సామ్రాజ్యాన్నీ పోప్‌కి రాసిచ్చాడని చెప్పే ఒక దానపత్రం ఉండేది. పోప్‌ల రాజ్యాధికారానికి అదొక ఆధారం. వల్లా ఆ పత్రంలోని లాటిన్‌ను మాట మాటకీ పట్టి చూశాడు. అందులో రోమ్ అధికారుల మధ్య 'సాత్రపులు' (పర్షియా రాజుల కింది ప్రాంతీయ పాలకులు) అనే మాట కనిపించింది. నాలుగో శతాబ్దపు రోమ్ శాసనాల్లో ఆ పదవి ఎక్కడుందని నిలదీశాడు. పత్రం నకిలీ అని తేల్చేశాడు. పోప్ పక్షంవాళ్లకీ ప్రత్యర్థులకీ ఆ దానం మీద ఎన్ని వ్యాఖ్యానాలున్నా, ఆ ఒక్క మాటను దాటుకుపోవడం కష్టమైంది.