పోలికలతో వర్గం కడితే సమాచారం నిజంగా తగ్గుతుందా?

18వ శతాబ్దం తొలి సగంలో యూరప్ వృక్షశాస్త్రజ్ఞులు మొక్కను దాని లక్షణాలతోనే పిలిచేవారు. టమాటా అంటే, ముళ్లు లేని మెత్తని కాండమూ చీలిన ఆకులూ ఉన్న సొలానం. స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్ 1753లో ఆ పొడుగాటి వర్ణనల పక్కనే రెండు మాటల పేర్లు చేర్చాడు. టమాటా సొలానం లైకోపెర్సికమ్ అయింది, వంకాయ సొలానం మెలాంజినా అయింది. రెండింటికీ ఉన్న పోలికలు ‘సొలానం’ అన్న ఒక్క మాటలో ఇమిడిపోయాయి.

అయితే సొలానం అంటే ఏమిటో చెప్పే వర్ణన మాయం కాలేదు. అది ఆయనదే మరో పుస్తకంలో ఉంది. ఆ బరువునూ లెక్కలో వేయాలి కదా!

పైగా అన్ని వర్గాలూ ఒకేలా పనికిరావు. లిన్నేయస్ పెద్ద వర్గాలను ముఖ్యంగా పువ్వులో పుప్పొడి మోసే కేసరాల సంఖ్యను బట్టి కట్టాడు. ఐదు కేసరాల వర్గంలో టమాటా, కాఫీ, క్యారెట్ మూడూ పడ్డాయి. ఆ వర్గం పేరు వింటే కేసరాల సంఖ్య తప్ప మిగతా మొక్క గురించి తెలిసేది చాలా తక్కువ. 1789లో ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ లొరాన్ ద జుస్యూ అనేక లక్షణాలను కలిపి చూసి కుటుంబాలు కట్టాడు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే, ఎందుకంటే కుటుంబం పేరు చెబితే ఇంకా చాలా లక్షణాలు ఊహించవచ్చు.

ఈ లాభాన్ని కొలిచే సాధనం 1948లో అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ సమాచారాన్ని బిట్లలో కొలిచే సిద్ధాంతంతో వచ్చింది. ఆస్ట్రేలియాలో క్రిస్ వాలెస్, డేవిడ్ బౌల్టన్ 1968లో దాన్ని వర్గీకరణకు వాడారు. వర్గాల వర్ణన, ఒక్కో వస్తువుకు వర్గం గుర్తు, మిగిలిన తేడాలు, ఈ మూడూ కలిపిన మొత్తం నిడివి తగ్గితేనే ఆ వర్గీకరణకు విలువ.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక్కో మొక్కకు పది అవును-కాదు లక్షణాలున్నాయి. ఒక్కో జవాబుకు ఒక బిట్, అంటే 10 బిట్లు. రెండు వర్గాలు చేస్తే ఒక్కో దానిలో నాలుగు లక్షణాలు అందరికీ ఒకటే అనుకుందాం. పదిలో ఏవి ఆ నాలుగో గుర్తించడానికి 10, వాటి విలువలకు 4, అలా వర్గానికి 14 చొప్పున 28 బిట్లు. తర్వాత మొక్కకు వర్గం గుర్తు 1, మిగతా లక్షణాలకు 6. వెయ్యి మొక్కలకు 10,000 బిట్లు 7,028కి దిగుతాయి. ఐదు మొక్కలే ఉంటే 50 కాస్తా 63 అవుతుంది, అంటే నష్టమే.

1978లో ఫిన్లాండ్‌కు చెందిన యోర్మా రిస్సానెన్ ఇలాంటి ఆలోచననే గణాంక నమూనాల ఎంపికకు వాడాడు. అన్నిటికంటే పొట్టి వర్ణన ఏదో ప్రతిసారీ తేల్చగల ప్రోగ్రామ్ మాత్రం ఉండదు. 1960లలో రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ తదితరులు వేసిన సిద్ధాంతం నుంచే అది రుజువైంది. అందుకే ఏ లక్షణాలతో వర్గం కట్టాలన్నది ఇప్పటికీ పరిశోధకుల ఎంపికే.