తమకే తెలియని ఆల్బమ్

1974లో జర్మన్ గిటారిస్టు మాన్యుయెల్ గ్యోట్షింగ్ బెర్లిన్‌లో ఒక రికార్డుల షాపుకి వెళ్లాడు. లోపల ఏదో రికార్డు మోగుతోంది. ఇదేమిటని కౌంటర్ దగ్గర అడిగాడు. తీరా చూస్తే అందులో గిటార్ తనదే, అట్ట మీద ఫోటో కూడా ఉంది. బ్యాండ్ పేరు కాస్మిక్ జోకర్స్. అలాంటి బ్యాండ్ ఒకటుందని, అందులో తానున్నానని అప్పటిదాకా అతనికే తెలియదు.

జర్మన్ రాక్ అభిమానులు ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న కథ ఇది. నోళ్లు మారేకొద్దీ కాస్త ఉప్పూ కారం కలిసి ఉండొచ్చు. అసలు సంగతిలో మాత్రం తేడా లేదు: వాయించినవాళ్లను అడక్కుండానే రికార్డు బజారుకెక్కింది.

దీని వెనకున్న మనిషి రోల్ఫ్ ఉల్రిచ్ కైజర్. మొదట్లో పత్రికా రచయిత. 1968 సెప్టెంబరులో ఎస్సెన్ నగరంలో జరిగిన పాటల ఉత్సవాన్ని నడిపించినవాళ్లలో ముఖ్యుడు. అమెరికా నుంచి ఫ్రాంక్ జాపా బృందం వచ్చిన ఆ ఉత్సవంలోనే టాంజరిన్ డ్రీమ్, అమోన్ డ్యూల్ లాంటి జర్మన్ కుర్రాళ్లూ వాయించారు. అప్పటికి ఆ దేశంలో రాక్ అంటే ఎక్కువగా ఇంగ్లండ్, అమెరికా పాటలకు నకలే. రేడియోలో ష్లాగర్ అనే తియ్యతియ్యని తేలికపాటి జర్మన్ పాటలు. నాజీ కాలం చూసిన పెద్దల దగ్గర్నుంచి ఏదీ అరువు తెచ్చుకోకూడదని పంతం పట్టిన ఈ కుర్రాళ్లు పల్లవినీ చరణాన్నీ కూడా వదిలేశారు. ఒక్క స్వరం పట్టుకుని ఇరవై నిమిషాలు తేలిపోయేవారు. బ్రిటిష్ పత్రికలు దీన్ని వెటకారంగా 'క్రౌట్‌రాక్' అన్నాయి. క్రౌట్ అంటే క్యాబేజీ, జర్మన్లను వెక్కిరించే మాట. కైజర్‌కి 'కాస్మిక్ సంగీతం' అన్న పేరు నచ్చింది.

1970లో అతను 'ఓర్' అనే లేబుల్, అంటే రికార్డుల సంస్థ, మొదలుపెట్టాడు. ఓర్ అంటే చెవి. టాంజరిన్ డ్రీమ్ తొలి ఆల్బమ్, 1971లో గ్యోట్షింగ్, హార్ట్‌ముట్ ఎంకె, క్లాస్ షుల్జ్ కలిసి చేసిన ఆష్ రా టెంపుల్ బృందం తొలి ఆల్బమ్ అక్కడే వచ్చాయి. ఇంకెవరూ ముట్టుకోని సంగీతాన్ని అచ్చు వేసిన ధైర్యం అది. ఇక్కడిదాకా కైజర్‌ని నేను తప్పుపట్టను.

తర్వాతే దారి మళ్లింది. 1972లో కైజర్ మనుషులు స్విట్జర్లాండ్ వెళ్లారు. అమెరికా జైలు నుంచి పారిపోయి అక్కడ తలదాచుకున్న, ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ప్రచారకుడు టిమతీ లియరీతో ఆష్ రా టెంపుల్ ఒక ఆల్బమ్ చేసింది. ఆ వెంటనే వాల్టర్ వెగ్‌ముల్లర్ అనే చిత్రకారుడితో జోస్యం చెప్పే టారో కార్డుల మీద డబుల్ ఆల్బమ్, స్విస్ రచయిత సెర్గియుస్ గోలోవిన్‌తో 'లార్డ్ కృష్ణ ఫోన్ గోలోక' (ఈ 'ఫోన్' టెలిఫోన్ కాదు, జర్మన్‌లో 'నుంచి' అని). అవును, మన గోలోకమే. పేరు చూసి భజనలుంటాయనుకుంటే మాత్రం నిరాశే. అందులో ఉండేది జర్మన్ వచనం.

1973 ఫిబ్రవరి, మే మధ్యన కొలోన్ దగ్గర ష్టొమెల్న్ అనే ఊళ్లో డీటర్ డిర్క్స్ స్టూడియోలో కొన్ని జామ్ సెషన్లు, అంటే ముందే ఏదీ రాసుకోకుండా కలిసి వాయించుకోవడాలు, జరిగాయి. గ్యోట్షింగ్, షుల్జ్, వాలెన్‌స్టైన్ బృందం నుంచి యూర్గెన్ డొలాస్సె, హరాల్డ్ గ్రోస్కోఫ్ వాయించారు. ఎల్‌ఎస్‌డీకి కొదవ లేదని ఆ రోజుల గురించి రాసినవాళ్లు చెబుతారు. వాయించినవాళ్ల లెక్కలో అది సరదా, అంతే. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది. కైజర్, డిర్క్స్ ఆ టేపుల్ని కోసి, అతికించి, ఎకో పోసి మిక్స్ చేశారు.

వచ్చిన ఆల్బమ్‌లో ఒక్కో వైపు ఒక్కో ట్రాక్, ఇంచుమించు ఇరవై నిమిషాల చొప్పున. మొదటి వైపు 'గెలాక్టిక్ జోక్'లో గిటార్ ఎక్కడో దూరాన్నుంచి వస్తున్నట్టుంటుంది, షుల్జ్ సింథసైజర్ దాన్ని చుట్టేస్తుంది, తొందరన్నది ఎవరిలోనూ కనిపించదు. ఎవరో వింటారన్న స్పృహ లేకపోవడం వల్లే అంత తేలిగ్గా వాయించగలిగారని నా అనుమానం. చిక్కంతా అక్కడే ఉంది. ముందే అడిగి ఉంటే ఈ రికార్డు ఇలా ఉండేది కాదేమో. కానీ టేపు తయారయ్యాక అడగడానికేం అడ్డు? ఒక ఫోన్ కాల్ పని.

ఒక్కదానితో ఆగినా వేరే సంగతి. ఆ 1974లోనే అదే పేరు మీద మరో నాలుగు వచ్చాయి. కైజర్ సహచరి గిల్లె లెట్‌మన్ 'తారల పిల్ల' వేషం కట్టి, పాత టేపుల మీద మాటలు చెప్పిన రికార్డు అందులో ఒకటి. లేబుల్‌లోని ఇతర ఆల్బమ్‌ల ముక్కలు కలిపి కుట్టినవీ ఉన్నాయి. ఇక షుల్జ్ ఊరుకోలేదు, కోర్టుకెక్కాడు. టాంజరిన్ డ్రీమ్ అంతకుముందే వర్జిన్ లేబుల్‌కి వెళ్లిపోయింది. 1975కల్లా కైజర్ సామ్రాజ్యం కూలింది, అతను జనం కంట పడటమే మానేశాడు.

ఆ తర్వాత డిర్క్స్ స్కార్పియన్స్ అనే జర్మన్ రాక్ బృందానికి నిర్మాతగా పేరు తెచ్చుకున్నాడు. డొలాస్సె అయితే జర్మనీలో పేరున్న భోజన విమర్శకుడయ్యాడు! షుల్జ్, గ్యోట్షింగ్ ఇద్దరూ 2022లో చనిపోయారు. కాస్మిక్ జోకర్స్ రికార్డులు సీడీలుగా మళ్లీ మళ్లీ వచ్చాయి. ఆ పేరుతో వాళ్లు ఒక్కసారి కూడా వేదిక ఎక్కలేదు.