కాలువ నీళ్లకి మూడు రోజుల లెక్క

బరంపురంలో మా వీధి వెనక కాలువని చూస్తే ఆ రోజు పట్టుకి ఏ రంగు అద్దారో చెప్పేసేవాళ్లం, ఒకరోజు ఎరుపు, ఇంకోరోజు పసుపు. 1936లో ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వెళ్లింది గానీ కాలువ పారే దిక్కు మారలేదు కదా. నీళ్లు పాడయ్యాయని ముక్కే చెప్తుంది. ఎంత పాడయ్యాయో చెప్పే లెక్క మాత్రం ఇంగ్లండ్‌లో పుట్టింది.

మురుగు సంగతి తేల్చమని 1898లో అక్కడ ఒక రాయల్ కమిషన్ వేశారు. సీసాలో పట్టిన నీళ్లని ఐదు రోజులు ఉంచి, అందులోని సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడేశాయో చూడాలనే పద్ధతిని వాళ్ల 1912 నివేదిక ఖాయం చేసింది. అదే ఇప్పటి బీఓడీ (బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్), ఆ అంకె ఎంత పెద్దదైతే నీళ్లు అంత పాడైనట్టు. అక్కడి నదులు సముద్రం చేరడానికి ఐదు రోజులకి మించి పట్టదు కాబట్టే ఐదు అన్నారని చెప్తుంటారు. మన వేడికి ఆ పని తొందరగా అవుతుంది, అందుకే మన దగ్గర 27 డిగ్రీల్లో మూడు రోజులు.

ఆక్సిజన్ కొలిచే పద్ధతి ఇంకా పాతది, 1888లో వింక్లర్ అనే హంగేరీ ఆయన కనిపెట్టాడు. గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, అయోడైడు కలిపిన క్షారం పోస్తే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే మడ్డి తెల్లగానే ఉంటుంది. కుళ్లిన కాలువ నీళ్లకి ఆ తెలుపే వస్తుంది, పట్టు తెలుపు అనుకునేరు!

మనకి నీటి కాలుష్య చట్టం 1974లో వచ్చింది. వాగుల్లోకి వదిలే వ్యర్థజలాల్లో బీఓడీ లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదన్న సాధారణ పరిమితి ఆ తర్వాతది. నన్నడిగితే తిరకాసంతా సీసా ఎప్పుడు ముంచారన్న దాంట్లోనే ఉంది. పొద్దున్నే ఇళ్ల నీళ్లన్నీ ఒక్కసారి దిగే వేళ ముంచితే ఒక అంకె, గట్టి వాన వెలిశాక ముంచితే దానికి పొంతనలేని ఇంకో అంకె.

అద్దకాలున్న చోట ఇంకో చిక్కుంది. ఈ పరీక్ష పుట్టింది ముఖ్యంగా ఊరి మురుగు కోసం. విషపు రసాయనాలు కలిస్తే సూక్ష్మజీవులే చచ్చి ఆక్సిజన్ వాడకం తగ్గుతుంది, కాగితం మీద నీళ్లు బాగున్నట్టే కనిపిస్తాయి. అందుకే సూక్ష్మజీవులతో పని లేకుండా, డైక్రోమేటు అనే రసాయనంతో మరిగించి ఎంత ఆక్సిజన్ పడుతుందో లెక్కకట్టే సీఓడీ (కెమికల్ ఆక్సిజన్ డిమాండ్) కూడా అడగాలి, దాని పరిమితి లీటరుకి 250 మిల్లీగ్రాములు. రెండు అంకెలూ పక్కపక్కన పెడితేనే కాలువలోకి ఏం దిగుతోందో కాస్తయినా తెలిసేది.