చెన్నై పొగలో కొలిచేవీ, కొలవనివీ

చెన్నైలో మంటల పొగ కోసమని భోగికి ఏటా గాలిని కొలుస్తారు. పాత చాపలు, చీపుళ్లు వేసే మంటలోకి టైర్లు, ప్లాస్టిక్ చేరాక తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి పండగ ముందు గాలినీ, పండగనాటి గాలినీ పోల్చి చూస్తోంది. 2018 భోగి ఉదయం పొగ, మంచు కలిసి మీనంబాక్కం విమానాశ్రయంలో విమానాల రాకపోకలే దెబ్బతిన్నాయి.

అక్కడ కొలిచేది ప్రధానంగా ధూళి. ఫిల్టర్‌ను ముందూ తరువాతా తూచి, 24 గంటల సగటు కడతారు. తెల్లవారుజామున ఒక గంటసేపు పీఎం 2.5 (అతి సన్నని ధూళి) ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములున్నా, రోజంతటికీ పరిస్తే ఆ గంట వాటా 25 మాత్రమే. రోజు పరిమితి 60. ఇంకో తంటా కూడా ఉంది. జిడ్డు పొగకు ఫిల్టర్ పూడుకుపోయి పంపు లాగే గాలి తగ్గుతుంది. మొదట్లో చూసిన ప్రవాహంతోనే లెక్క కట్టేస్తే, లాగని గాలిని కూడా లాగినట్టు రాసుకుని కాలుష్యాన్ని తక్కువ చూపిస్తాం.

2009 జాతీయ ప్రమాణాల్లో 12 కాలుష్యకాలున్నాయి. వాటిలో పొగలో ఉండే విష రసాయనాలు రెండు: బెంజీన్‌కు పరిమితి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, బెంజోపైరీన్‌కు 1 నానోగ్రాము. రెండూ ఏడాది సగటులే. కొద్ది రోజుల మంటకు అవి కొలబద్దలు కావు. చెత్త, ప్లాస్టిక్ కాలితే పుట్టే విషాలైన డయాక్సిన్లకైతే ఆ జాబితాలో చోటే లేదు. వాటిని అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని భారత్ 2006లోనే ఆమోదించింది మరి!

ఈ లోటు 2022 ఏప్రిల్‌లో చెన్నైలోని పెరుంగుడి చెత్త డంపింగ్ యార్డు రోజుల తరబడి రగిలినప్పుడు బయటపడాల్సింది. పీవీసీ ప్లాస్టిక్‌లోని క్లోరిన్, వైర్లలోని రాగి, పొగ చల్లారుతూ దాటే 200–450 డిగ్రీల వేడి: డయాక్సిన్లు పుట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? 210 రకాల్లో 17 మాత్రమే విషపు లెక్కలోకి వస్తాయి. పట్టుకోవడానికి క్వార్ట్జ్ ఫిల్టర్, దాని వెనక పాలీయూరిథేన్ ఫోమ్ పెట్టి, రోజంతా 300 ఘనపు మీటర్లకు పైగా గాలి లాగాలి. ఫోమ్‌పై ముందే కార్బన్–13 గుర్తున్న డయాక్సిన్ చుక్క వేస్తే, చివరికి ఎంత మిగిలిందో చూసి నష్టం తెలుసుకోవచ్చు. నమూనాకు వెలుతురు తగలకుండా, చల్లగా ఉంచి పంపాలి. తిరువనంతపురంలోని పరిశోధన సంస్థ ఎన్‌ఐఐఎస్‌టీ లాంటి కొద్ది చోట్లే ఈ పరీక్ష చేయగలరు.

సముద్రతీరంలో అసలు ఇబ్బంది గాలి దిశ. వేసవిలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి పొగను ఊరి లోపలికి తోస్తుంది. 24 గంటల నమూనా ఒక్కటే తీస్తే పొగ తగిలిన గంటలూ తగలని గంటలూ కలిసిపోతాయి. పగలు, రాత్రి విడదీస్తే గాలి సగమై, తక్కువ మోతాదులు పరికరానికి అందవు. మంటకు రెండు వైపులా రెండు యంత్రాలు పెట్టి, గంటగంటకూ గాలి దిశ రాసుకోవడమే మేలు.

మంట ఆరాక డయాక్సిన్ల కోసం పైమట్టి, యార్డు పక్కనున్న పళ్లికరణై చిత్తడి నేల అడుగు బురద, ఆరుబయట తిరిగే కోళ్ల గుడ్లు చూడాలి. యార్డు అంతకుముందూ తగలబడినదే కాబట్టి, మంట లేనప్పుడు తీసి ఫ్రీజర్‌లో దాచిన మట్టి లేకపోతే ఏ మంటది ఎంతో తేలదు.