సుబ్బారావుగారి నీలం, లోరీ నీలం

"సైంటిస్టులు రాసిన పేపర్లన్నిట్లోకీ ఎక్కువమంది వాడుకున్నది ఏది సార్, ఐన్‌స్టీన్‌దా, డీఎన్‌ఏ మెలికని కనిపెట్టినవాళ్ళదా?" అని ఒక బీఎస్సీ అమ్మాయి అడిగింది. రెండూ కాదమ్మా. నేచర్ పత్రిక 2014లో లెక్క తీయిస్తే, అప్పటికి పరిశోధన పేపర్ల ఇండెక్స్‌లో ఉన్న సుమారు 5.8 కోట్ల ఐటమ్స్‌లో ఫస్ట్ వచ్చింది 1951లో ఆలివర్ లోరీ, ఇంకో ముగ్గురు కలిసి రాసిన పేపర్. ఒక ద్రవంలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి, అంతే. అప్పటికి 3 లక్షల పైచిలుకు సైటేషన్లు. డీఎన్‌ఏ మెలిక గురించి వాట్సన్, క్రిక్ రాసిన పేపర్ మొదటి వందలో కూడా లేదు.

సైటేషన్ అంటే, కొత్త పేపర్ రాసేవాళ్ళు "ఇది ఫలానా పేపర్‌లోంచి తీసుకున్నాం" అని పాత పేపర్ పేరు చెప్పడం. నాకు ఇష్టమైన సంగతి వేరే ఉంది. యూజీన్ గార్ఫీల్డ్ అని ఫిలడెల్ఫియాలో ఈ సైటేషన్ల లెక్క మొదలుపెట్టిన పెద్దమనిషి, 1977 నుంచి 1993 దాకా కరెంట్ కంటెంట్స్ అనే పత్రికలో ఒక శీర్షిక నడిపారు, పేరు సైటేషన్ క్లాసిక్స్. బాగా సైటేషన్లు వచ్చిన పేపర్ రాసినవాళ్ళని పట్టుకుని "అసలు ఆ పని ఎలా మొదలైంది, ఎక్కడ ఇరుక్కుపోయారు, ఎందుకు ఇంతమంది వాడుతున్నారనుకుంటున్నారు" అని అడిగి ఒక్క పేజీలో రాయించేవారు. కెమిస్ట్రీ, మెడిసిన్, సైకాలజీ, స్టాటిస్టిక్స్, వ్యవసాయం, ఏదీ వదల్లేదు, దాదాపు 4 వేల పేజీలు అలా పోగయ్యాయి. పేపర్లో ఉండని విషయాలన్నీ వీటిల్లో ఉంటాయి.

ఉదాహరణకి కాప్లన్, మెయర్‌ల కథ. ఇవాళ కాన్సర్ మందు ఏది టెస్ట్ చేసినా "ఇన్ని నెలలకి ఇంతమంది బతికున్నారు" అని మెట్లు మెట్లుగా దిగే గ్రాఫ్ ఒకటి వేస్తారు కదా, అది వీళ్ళిద్దరిదే, 1958 నాటిది. కాప్లన్ తన పేజీలో ఏం రాశారంటే, మెయర్ కాన్సర్ రోగుల లెక్కల వైపు నుంచి ఈ సమస్యకి వచ్చారు, తనేమో బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థలో సముద్రం అడుగున వేసే టెలిఫోన్ కేబుల్స్‌లోని వాక్యూమ్ ట్యూబులు ఎన్నాళ్ళు బతుకుతాయి అని వచ్చారు. ఇద్దరికీ ఒకే లెక్క తగిలింది, విడివిడిగా పంపితే పత్రికవాళ్ళు కలిపి రాయమన్నారు, ఆ కలపడానికి 4 ఏళ్ళు పట్టింది, ఈలోపు ఇంకెవరైనా ముందు వేసేస్తారేమోనని ఇద్దరికీ ఒకటే భయం. ఈ ఒక్క పేజీ చదివితే స్టాటిస్టిక్స్ మీద ప్రేమ పుడుతుంది, మన పిల్లలకి ఫార్ములాతో పాటు ఇది కూడా చెప్తే ఎంత బావుంటుంది!

ఆ శీర్షికలో మొట్టమొదటి పేజీ, 1977 జనవరిలో, లోరీదే. "అదంత గొప్ప పేపరేమీ కాదని నాకూ తెలుసు, కానీ ఇంతమంది వాడుతుంటే లోలోపల సరదాగానే ఉంటుంది" అన్న అర్థంలో ఆయనే చెప్పుకున్నారు. నేను మాత్రం ఒప్పుకోను. గొప్ప పేపరే. ఎందుకో చెప్పాలంటే ఆ టెస్ట్‌లో వచ్చే నీలం రంగు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలి, అది చూస్తే కథ తిన్నగా మన భీమవరం దాకా వస్తుంది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టన్ వెళ్ళారు, తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు మెథడ్ అంటే బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళకి ఇప్పటికీ తెలుసు, గత శతాబ్దంలో ఎక్కువగా సైట్ అయిన పేపర్లలో అదీ ఒకటి. మనవాళ్ళు సుబ్బారావుగారి గురించి రాసినప్పుడు ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, బోదకాలుకి వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ అని మందుల పేర్లే రాస్తారు, ఈ కొలత సంగతి ఒక్క లైన్లో పోతుంది. నాకది బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆయన పేరు పద్ధతికే అంటుకుని ఉన్నది ఇందులోనే.

ఆ డిపార్ట్‌మెంట్‌కి అప్పట్లో పెద్ద ఓటో ఫోలిన్. లోరీ టెస్ట్‌లో వాడే ఫోలిన్-సియోకాల్టు రియేజెంట్, అంటే రంగు రావడానికి పోసే ద్రవం, ఆ ఫోలిన్‌దే, 1927 నాటిది. అంటే రెండు టెస్టుల నీలమూ ఒకే ఇంటిది. రెండిట్లోనూ రంగిచ్చేది మాలిబ్డినం అనే లోహమే.

ఇప్పుడు అసలు సంగతి. యాసిడ్ నీళ్ళలో మాలిబ్డేట్ (మాలిబ్డినం ఉన్న ఉప్పు) వేసి అందులోకి ఫాస్ఫేట్ (ఫాస్ఫరస్ ఆక్సిజన్‌తో కలిసిన రూపం) వచ్చిందనుకోండి, ఒక్కో ఫాస్ఫరస్ చుట్టూ 12 మాలిబ్డినం పరమాణువులు ఆక్సిజన్ చేతులు పట్టుకుని గుత్తిలా కడతాయి. అప్పటికి లేత పసుపే. ఆ గుత్తికి కొన్ని ఎలక్ట్రాన్లు ఇస్తే చిక్కటి నీలం అయిపోతుంది, ఎందుకంటే ఎలక్ట్రాన్ చేరగానే కొన్ని మాలిబ్డినాలు 6వ ఆక్సీకరణ స్థితి నుంచి 5వ స్థితికి దిగుతాయి, ఆ వచ్చిన ఎలక్ట్రాన్ ఒకచోట కుదురుగా ఉండదు, పక్క మాలిబ్డినం మీదకి గెంతుతూ ఉంటుంది, ఆ గెంతుకి కావాల్సిన శక్తి ఎరుపు, ఇంకా దాని అవతలి పరారుణ కాంతి నుంచి తీసుకుంటుంది, ఎరుపు పోయాక మన కంటికి మిగిలేది నీలం. ముఖ్యమైన విషయం ఏంటంటే, సరిపడా యాసిడ్ ఉన్నప్పుడు గుత్తి కట్టని విడి మాలిబ్డేట్ అంత సులువుగా ఎలక్ట్రాన్లు తీసుకోదు. గుత్తి కడితేనే తీసుకుంటుంది.

దీన్ని పెళ్ళిభోజనంలా చూడండి. ఫాస్ఫేట్ అంటే వచ్చిన చుట్టం. చుట్టం కూర్చుంటేనే విస్తరి వేస్తారు, ఆ విస్తరే 12 మాలిబ్డినాల గుత్తి. ఎలక్ట్రాన్ అంటే అన్నం. అన్నం పడ్డ విస్తరి మాత్రమే నీలంగా కనిపిస్తుంది. కట్ట విప్పని విస్తళ్ళలో ఎవరూ వడ్డించరు కదా, విడి మాలిబ్డేట్ అలాంటిది.

సుబ్బారావుగారు, ఫిస్కే చేసింది ఏంటంటే అన్నం దండిగా వండించారు. ఎలక్ట్రాన్లిచ్చే పదార్థం కావల్సినంత పోశారు, దాని పేరు అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ యాసిడ్. అన్నానికి లోటు లేదు కాబట్టి ఎన్ని విస్తళ్ళు నిండాయో లెక్కపెడితే ఎంతమంది చుట్టాలొచ్చారో తెలిసిపోతుంది. వాళ్ళకి ముందు బెల్, డాయిసీ వాడింది హైడ్రోక్వినోన్, అందులో రంగు నిలిచేది కాదు. కొత్త పదార్థంతో రంగు కొద్ది నిమిషాల్లో వచ్చి నిలబడింది. పిలవని చుట్టం కూడా రావచ్చు సుమా, ఆర్సెనేట్ అచ్చం ఫాస్ఫేట్‌లాగే వచ్చి విస్తరి ముందు కూర్చుంటుంది, సిలికేటూ అంతే, ఆ సిలికేట్‌ని ఆపడానికే యాసిడ్ ఎంత వెయ్యాలన్నది అంత జాగ్రత్తగా చూసుకోవాలి.

లోరీ టెస్ట్‌లో పెళ్ళి అదే, లెక్క తిరగబడింది. ఫోలిన్ రియేజెంట్‌లో ఫాస్ఫేట్, మాలిబ్డేట్, టంగ్‌స్టేట్ ముందే కలిపి మరిగించి ఉంచుతారు, అంటే చుట్టాలంతా కూర్చున్నారు, విస్తళ్ళన్నీ వేసి ఉన్నాయి, అన్నం ఒక్కటే లేదు. అన్నం తెచ్చేది మన శాంపుల్లోని ప్రొటీన్. ఎన్ని విస్తళ్ళు నిండితే అంత అన్నం వచ్చినట్టు, అంత ప్రొటీన్ ఉన్నట్టు. ప్రొటీన్ గొలుసులో ఉండే టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే ముక్కలు నేరుగా ఎలక్ట్రాన్లు ఇస్తాయి. కానీ వడ్డనలో ఎక్కువ భాగం రాగి వల్ల జరుగుతుంది. ముందు ఆల్కలీలో (క్షారంలో) రాగి కలిపి ఓ 10 నిమిషాలు ఉంచుతారు, రాగి వెళ్ళి ప్రొటీన్ గొలుసులో ముక్కల్ని కలిపి ఉంచే పెప్టైడ్ బంధాలని పట్టుకుంటుంది, అక్కణ్ణుంచి కూడా ఎలక్ట్రాన్లు గుత్తికి చేరతాయి. ఉత్త రాగితో చేసే బైయురెట్ టెస్ట్ కన్నా ఇది దాదాపు 100 రెట్లు సున్నితం.

ఒక చిక్కుంది. రాగి పనిచెయ్యాలంటే ఆల్కలీ కావాలి, విస్తళ్ళు నిలవాలంటే యాసిడ్ కావాలి. ఆల్కలీలో పడగానే గుత్తి కొద్ది క్షణాల్లో విడిపోవడం మొదలెడుతుంది, అంటే విస్తరి వేసిన మరుక్షణమే గాలికి ఎగిరిపోతుంది, అన్నం వెంటనే పడాలి. అందుకే ఫోలిన్ పోస్తూనే ట్యూబ్ గట్టిగా కలపమని రాస్తారు. మన ప్రాక్టికల్ రికార్డుల్లో "వెంటనే కలపవలెను" అని ఒక లైను ఉంటుంది, ఎందుకో ఎవరూ చెప్పరు, పిల్లలు 10 ట్యూబుల్లో వరసగా పోసుకుంటూ వెళ్ళి చివర్లో తీరిగ్గా ఊపుతారు, గ్రాఫ్ వంకరపోతుంది, తర్వాత పక్కవాడి రీడింగులు ఎక్కించుకుంటారు. ఆ ఒక్క కారణం చెప్తే చాలు, ఎవరూ ఆలస్యం చెయ్యరు.

ఇంకో లోపం, అన్నం తెచ్చేవాళ్ళు ప్రొటీన్లు ఒక్కటే కాదు. శాంపుల్ తయారీలో ల్యాబ్‌లో కలిపే మెర్‌కాప్టోఎథనాల్, ట్రిస్ బఫర్ లాంటివి, కొన్ని చక్కెరలు కూడా వచ్చి వడ్డించేస్తాయి లేదా వడ్డనకి అడ్డం పడతాయి. పైగా టైరోసిన్ ఎక్కువున్న ప్రొటీన్ పెద్ద గరిటెతో వడ్డిస్తుంది, తక్కువున్నది చిన్న గరిటెతో. అందుకే ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బ్యుమిన్‌ని కొలబద్దగా పెట్టుకుని దాంతో పోల్చి చెప్తారు. ఇన్ని లోపాలున్నా అన్ని లక్షలమంది వాడారంటే, చవగ్గా, చిటికెడు శాంపుల్‌తో, రంగు చిక్కదనం కొలిచే మామూలు కలరీమీటర్ ఉన్న ఏ ల్యాబ్‌లోనైనా అయిపోతుంది కాబట్టే.

రంగు మారడం చూస్తే మనుషులకి ఎందుకో భక్తి పుడుతుంది. కత్తికి ముందే మందారపువ్వు రుద్ది పెట్టుకుని నిమ్మకాయ కోసి, కారిన ఎర్ర రసాన్ని రక్తమని చెప్పి ఇంట్లో దోషముందని డబ్బులు గుంజేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఎరుపూ కెమిస్ట్రీయే, మందార రంగుకి నిమ్మ యాసిడ్ తగిలితే ఎర్రబడుతుంది. మాయ చేసేవాడు ఆ ఎరుపు దగ్గరే ఆపేస్తాడు, "ఎంత ఎరుపు, ఎంతసేపట్లో" అని అడగనివ్వడు. ఆ అడగడం వల్లే సుబ్బారావుగారికి ఎంత పెద్ద విషయం దొరికిందో చూడండి.

ఫాస్ఫేట్ టెస్ట్ తయారయ్యాక పిల్లి కండరం నుంచి తీసిన ద్రవంలో కొలిచారు. కొద్ది నిమిషాల్లో వచ్చి ఆగిపోవాల్సిన నీలం ఆగలేదు, మెల్లగా పెరుగుతూ పోయింది. ఇంకొకరైతే రియేజెంట్ పాడైందని పారబోసేవారు. వీళ్ళు మాత్రం చుట్టాలు ఒక్కసారిగా కాకుండా ఒక్కొక్కరే ఎందుకొస్తున్నారు, ఎక్కడ ఆగి వస్తున్నారు అని వెతికారు. కండరంలో ఫాస్ఫేట్ క్రియాటిన్ అనే పదార్థంతో కలిసి కట్టుబడి ఉంది, యాసిడ్ మాలిబ్డేట్ తగిలితే ఆ కట్టు నెమ్మదిగా తెగి ఫాస్ఫేట్ బయటికొస్తోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. అదే సమయానికి ఇంగ్లండ్‌లో ఎగుల్టన్ దంపతులు కూడా వేరేగా దీన్ని పట్టుకున్నారు. కండరాన్ని పనిచేయిస్తే ఇది తరుగుతోంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరుగుతోంది. కండరం కదలికకి మూలం లాక్టిక్ యాసిడ్ అని, ఆ కాలంలో నోబెల్ పొందిన హిల్, మయర్‌హాఫ్‌ల దారిలో అందరూ నమ్ముతున్న రోజులవి. ఆ నమ్మకం అక్కణ్ణుంచి కదలడం మొదలైంది, 1929లో కణాలకి శక్తినందించే ఏటీపీ బయటపడింది, దాన్ని పట్టుకున్నది జర్మనీలో లోమాన్, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు.

సుబ్బారావుగారు 1940లో హార్వర్డ్ వదిలి లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. లోరీ 1937 నుంచి 1942 దాకా అదే డిపార్ట్‌మెంట్‌లో ఉన్నారు, అంటే కొన్నేళ్ళు ఇద్దరూ ఒకే చోట పనిచేశారు. లోరీ తన పేజీ తను రాసుకున్నారు. సుబ్బారావుగారు 1948లో 53 ఏళ్ళకే పోయారు, గార్ఫీల్డ్ శీర్షిక మొదలవ్వడానికి 29 ఏళ్ళ ముందు. ఆగని నీలాన్ని చూసినప్పుడు మొదట ఏమనుకున్నారు, ఎవరికి చూపించారు, ఇవన్నీ ఆయన నోటితో వినాలని నాకు చాలా ఆశ. బతికున్నప్పుడు కూడా తన గురించి చెప్పుకోని మనిషాయన.

ఆ నీలం మాత్రం మన ఊళ్ళలోనే ఉంది. రైతు మట్టి తీసుకెళ్ళి భూసార పరీక్షకి ఇస్తే, భాస్వరం చూడటానికి మట్టిని సోడియం బైకార్బొనేట్‌తో కడిగి, ఆ నీళ్ళలో మాలిబ్డేట్ కలిపి, ఇప్పుడు విటమిన్ సి తో ఎలక్ట్రాన్లు ఇస్తారు. 1962లో మర్ఫీ, రైలీ చేసిన మార్పు అది, కొంచెం యాంటిమొనీ అనే మూలకం కూడా వేస్తే రంగు ఇంకా త్వరగా వస్తుంది. మట్టిలో ఆర్సెనిక్ ఉంటే ఇక్కడ కూడా అది ఫాస్ఫేట్ లెక్కలో కలిసిపోతుంది, దాన్ని ముందే వేరే స్థితికి మార్చి పక్కన పెట్టే ఏర్పాటు ఉంటుంది. మీ దగ్గర్లో ల్యాబ్ ఉంటే వెళ్ళి ఆ ట్యూబులు చూపించమనండి, భాస్వరం ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్ ట్యూబులు లేతనీలం నుంచి ముదురునీలం దాకా వరసగా పెట్టి ఉంటాయి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.