గడ్డివాము నుంచి చటాన్‌పల్లి దాకా

నిందితులను సీన్ రీకన్‌స్ట్రక్షన్‌కు, అంటే నేరం ఎలా జరిగిందో ఘటనా స్థలంలో తిరిగి కట్టి చూసే ప్రక్రియకు, తీసుకెళ్లారన్న వార్త వచ్చినప్పుడల్లా హైదరాబాద్‌లో చాలామందికి చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపిన 2019 డిసెంబరు 6 తెల్లవారుజామే గుర్తుకొస్తుంది. అంతకు తొమ్మిది రోజుల ముందు శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపిన ఘోరం అందరికీ తెలిసిందే. వివాదమంతా రీకన్‌స్ట్రక్షన్ అన్న మాటకు మన దగ్గర స్థిరపడిన అర్థంతోనే.

అసలు రీకన్‌స్ట్రక్షన్‌లో నిందితుడితో పనే లేదు. గోడ మీద నెత్తుటి చుక్క కోలగా సాగితే అది ఏ వాలున వచ్చి తగిలిందో లెక్కకట్టవచ్చు. తూటా చేసిన రెండు రంధ్రాలను దారంతో కలిపి కాల్చిన దిశను పట్టుకోవచ్చు. మన దగ్గర మాత్రం ముసుగు వేసిన మనిషిని నిలబెట్టి, ‘ఇక్కడేం చేశావో చూపించు’ అని వీడియో తీయడానికే ఆ పేరు దక్కింది.

దీనికి చట్టంలో ఉన్న చోటు ఇరుకు. పోలీసుల ముందు నేరాన్ని ఒప్పుకోవడం సాక్ష్యంగా చెల్లదు. ఆ మాట వల్ల ఏదైనా బయటపడితే, దానికి సంబంధించినంత మేరకే 1872 నాటి సాక్ష్య చట్టం 27వ సెక్షన్ అనుమతించింది. ఆ మేర ఎంతో తేల్చింది గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి, బ్రిటిష్ పాలనలో చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి, 1947 లా రిపోర్టులకెక్కిన పులుకూరి కొట్టయ్య కేసు. బల్లెం గడ్డివాములో దాచానన్న మాట పనికొస్తుంది, దానితో పొడిచానన్న మాట పనికిరాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం కూడా 23వ సెక్షన్‌లో ఇదే గీతను నిలుపుకుంది.

చటాన్‌పల్లికి నలుగురినీ తీసుకెళ్లింది బాధితురాలి ఫోను వంటి వస్తువుల రికవరీకేనని, వాళ్లు ఆయుధాలు లాక్కుని కాల్పులు జరపడంతో ఎదురుకాల్పులు తప్పలేదని పోలీసులు చెప్పారు. అక్కడికి చేరిన జనం పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ మాత్రం ఆ కథనాన్ని నమ్మలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులను హత్యానేరంపై విచారించాలని 2022 మేలో బహిర్గతమైన నివేదికలో పేర్కొంది. ఆ నిర్ధారణలను పోలీసులు హైకోర్టులో సవాలు చేశారు.

ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని, ఆ ప్రక్రియను వీడియో తీయించాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ చెబుతోంది. నిందితుణ్ణి అక్కడికి తీసుకెళ్లాలని ఆ నిబంధనలో ఎక్కడా లేదు.