వైరస్ పోయాక వచ్చే రెండో జబ్బు

మెదడువాపు అనగానే మనవైపు దోమలు, పందులు, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ గుర్తొస్తాయి. పెదవి మీద పొక్కులు లేపే హెర్పిస్ వైరస్ కూడా ఆ పని చేస్తుందంటే చాలామంది నమ్మరు. మందు లేని రోజుల్లో అది మెదడుకెక్కితే పదిమందిలో ఏడుగురి దాకా చనిపోయేవారు. 1980ల మధ్యకు ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు బాగా పనిచేస్తుందని తేలాక ఆ లెక్క మారింది.

పిల్లల డాక్టర్లకు మాత్రం ఒక చిక్కు మిగిలింది. రెండు మూడు వారాలు మందు ఎక్కించి, జ్వరం, ఫిట్స్ తగ్గాయని ఇంటికి పంపిన పసివాళ్లలో కొందరు కొద్ది వారాలకే మళ్లీ ఆసుపత్రికి వచ్చేవారు. ఈసారి తీరే వేరు. కాళ్లూ చేతులూ వాటంతటవే మెలికలు తిరిగేవి, నోరు ఆగకుండా కదిలేది, నిద్ర ఉండేది కాదు, వచ్చిన నాలుగు మాటలూ పోయేవి. జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ ఎసైక్లోవిరే పెట్టేవారు. అనుమానించడం తప్పేమీ కాదు. కొందరిలో వైరస్ నిజంగానే తిరగబెడుతుంది. కానీ వీళ్లలో చాలామంది వెన్నునీటిలో వైరస్ జాడ ఉండేది కాదు, మందుకు గుణమూ కనిపించేది కాదు.

ఆధారం ఎవరూ వెతకని చోట దొరికింది. 2007లో అమెరికాలో నరాల వైద్యుడు జోసెప్ డాల్మావ్ బృందం, ఎక్కువగా అండాశయ కణితులున్న మహిళల్లో, మెదడు కణాల మీది ఎన్‌ఎండీఏ గ్రాహకాలపై (సంకేతాలు అందుకునే ప్రొటీన్లపై) దాడిచేసే యాంటీబాడీలను గుర్తించింది. హెర్పిస్‌తో దానికి సంబంధమేమిటి? 2012లో జర్మనీ పరిశోధకులు హెర్పిస్ మెదడువాపు రోగుల నమూనాలు పరీక్షిస్తే కొందరిలో అవే యాంటీబాడీలు బయటపడ్డాయి. 2018లో వెలువడిన స్పెయిన్ అధ్యయనంలో, మొదటి రోజు నుంచీ గమనించిన 51 మందిలో 14 మందికి ఈ రెండో జబ్బు వచ్చింది, అదీ చికిత్స ముగిసిన రెండు నెలల్లోపే. నాలుగేళ్లు, అంతకు లోపు పిల్లల్లో మెలికలు, మగత ఎక్కువ. పెద్దవాళ్లలో ప్రవర్తన మారడం ఎక్కువ. పసివాళ్లే తక్కువగా కోలుకున్నారు.

వైరస్ మెదడు కణాలను చిదిమినప్పుడు బయటపడిన సొంత ప్రొటీన్లనే శరీరం శత్రువులనుకుంటోందన్నది ఇప్పటి వివరణ. అందుకే ఇప్పుడు శరీరం చేసే ఆ దాడిని అణచే స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ వంటివి ఇస్తున్నారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ తర్వాత కూడా ఇలాంటి కేసులు నమోదయ్యాయి కాబట్టి ఇది మనకు దూరపు సంగతేం కాదు. డిశ్చార్జి రోజున తల్లిదండ్రులకు ఈ రెండు నెలల గడువు గురించి ఎవరైనా చెప్పాలి. కదలికలను ఫోన్‌లో వీడియో తీసి చూపించినా డాక్టరుకు సగం పని తేలికవుతుంది.